ఎదురుకోడి

మా డిపార్ట్‌మెంట్‌లో నన్ను అందరూ కోడి జ్ఞానం అంటారు. అసలు పేరు జ్ఞానప్రకాశం. రిటైరైన రోజున దండ వేసిన ఆఫీసరు కూడా మైకులో ఆ పేరే చదివాడు, జనం ఈలలు వేశారు. ఆ పేరు వెనక కథ ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెబుతాడు. నేను కోడిని దొంగిలించానంటాడు ఒకడు. లాకప్‌లో ఉన్న కోడిని కూర వండుకు తిన్నానంటాడు ఇంకొకడు. వీళ్ల నోళ్లు పడిపోను, నేను ఆ కోడి ఈక కూడా పీకలేదు. అదే నన్ను ఒడ్డున పడేసింది. జరిగింది జరిగినట్టు చెబుతాను, విన్నాక మీరే అనండి.

ఎనభై నాలుగు మేడారం జాతర అది. నాకు ఇరవై నాలుగేళ్లు, కానిస్టేబులై ఏడాదిన్నర. మాది స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె. మా నాయన రత్నం, మిషన్ చర్చిలో పాటలు పాడించేవాడు. ఇంట్లో మాకు పది ఆజ్ఞలు అప్పజెప్పించేవాడు. ఒకటి తప్పినా చెవి మెలిపెట్టేవాడు. ఆరోది నరహత్య చేయకూడదని, తొమ్మిదోది అబద్ధసాక్ష్యం చెప్పకూడదని. నాకు పోలీసు ఉద్యోగం వచ్చిందని ఊరంతా బెల్లం పంచి, సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. "బిడ్డా, ఈ కొలువుల ఆరు, తొమ్మిది జర యాదిల పెట్టుకో. తక్కినయి మెల్లగ జూసుకోవచ్చు" అన్నాడు.

ఆయన మాట ఊరికే అనలేదు. అప్పట్లో అడవిలో అన్నలు, రోడ్డు మీద మేము, మధ్యలో జనం. ఎక్కడ చూసినా చెక్‌పోస్టే. చెయ్యెత్తితే ఆగని బండి మీద కాల్పులే. కాల్చాక రాసే కాగితం కూడా మా ఠాణాలో తయారుగా ఉండేది. 'వారే ముందుగా దాడి చేయగా ఆత్మరక్షణార్థం కాల్చవలసి వచ్చినది' అని. పేరు, తేదీ మారిస్తే చాలు.

జాతర మొదలయ్యే బుధవారం నాడు ములుగు దారిలో కొత్త చెక్‌పోస్టు పెట్టారు. స్థలం ఎంచినవాడు మా ఎస్సై. ఆయన వచ్చి నెల కూడా కాలేదు. ఆ మహానుభావుడు చూసి చూసి ఏటవాలు దిగే చోట, సరిగ్గా అడుగున పెట్టించాడు. పైన చదునుగా అరమైలు రోడ్డుంది, అక్కడ పెట్టొచ్చు. కానీ చాయ్ హోటలు కింద ఉంది మరి. రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కట్టారు, ఒక కొసకు బండరాయి, ఇంకో కొసకు తాడు. ఆ తాడు పట్టుకుని హెడ్ కానిస్టేబుల్ పోశయ్య. రోడ్డు నడుమ త్రీనాట్‌త్రీ రైఫిలు పట్టుకుని నేను. హోటల్లో బెంచీ మీద చాయ్ సాసరుతో ఎస్సై.

పొద్దున్నుంచీ ఎడ్లబండ్లే. పసుపు, కుంకుమ, బెల్లం, మేకలు, కోళ్లు. డోలు చప్పుడుకు చెవులు గింగురుమంటున్నాయి. పదకొండింటికి వైర్‌లెస్ మెసేజి వచ్చింది. మేము వెతుకుతున్న అన్నలు ఆకుపచ్చ జీపులో వస్తున్నారట, దగ్గర బాంబులున్నాయట. ఎస్సై బెంచీ మీది నుంచి లేవకుండానే నాకు చెప్పాడు. "ఆకుపచ్చ జీపు వస్తే చెయ్యెత్తు. ఆగకపోతే కాల్చు. టైర్లకు కాదు, మనిషికి. ఆలోచించావో, నీ శవానికి నేను సంతకం పెట్టాలి."

అట్లా చెబితే ఎవడికైనా ఏమవుతుంది? ఆ తర్వాత ఆకుపచ్చ రంగు ఏది కనబడ్డా రైఫిలు సర్దుకునేవాణ్ని. ఒక ముసలాయన తలపాగా ఆకుపచ్చది, దానికి కూడా చెయ్యెత్తాను.

పావుగంట గడిచిందో లేదో, ఏటవాలు మీద ఆకుపచ్చ జీపు కనబడింది. హారన్ మోగిస్తూ వస్తోంది. చెయ్యెత్తాను. వేగం తగ్గలేదు. రెండు చేతులూ ఎత్తాను. తగ్గలేదు. హోటల్లోంచి ఎస్సై "అదే, అదే, కాల్చు" అని అరుస్తున్నాడు. రైఫిలు భుజానికి ఎత్తాను. ఇక ముప్పై గజాలుందనగా, జీపు పక్కనుంచి ఒక మనిషి దూకాడు. చేతిలో నల్లగా, తలకాయంత వస్తువు. అది పట్టుకుని నా వైపే పరుగు.

బాంబు అనుకున్నాను. అతని ఎదకు గురి పెట్టాను. బనీను మీద చిరుగు కనబడుతోంది, ఆ చిరుగుకే గురి. వేలు బిగించాను.

సరిగ్గా అప్పుడు ఎర్రగా ఏదో రెక్కలు టపటపలాడిస్తూ గాల్లో వచ్చి నా మొహానికి కొట్టుకుంది. గోళ్లు ముక్కు మీద గీరాయి. తుపాకీ ఆకాశానికి లేచి పేలింది. చింతకొమ్మ ఒకటి విరిగి చాయ్ హోటలు రేకుల మీద పడింది. ఎస్సై బెంచీ కిందికి పోయాడు, సాసరు మాత్రం వదల్లేదు.

కళ్లు తెరిచి చూస్తే జీపు వెదురు బొంగుకు జానెడు దూరంలో ఆగి ఉంది. ఆ మనిషి వెనక టైరు కింద నల్ల వస్తువు దూర్చి, నడుము మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. యాభై ఏళ్లుంటాయి. నన్ను చూసి నవ్వాడు.

"ఆపినం సారు. జర లేటయింది. ఏందో పేలింది, మా టైరేనా?" అన్నాడు.

అది చెక్క దిమ్మ. మడ్డినూనె పట్టి నల్లబడిన తుమ్మ చెక్క. డ్రైవరు మొగిలి దిగి, చేతులు కట్టుకుని సంగతి చెప్పాడు. "బ్రేకు ఉన్నది సారు. గాని పడది. నేను గేరు మీద గుంజుకొస్త, మా మేనమామ కట్టయ్య దుంకి దిమ్మ ఏస్తడు. రెండేండ్ల సంది గిట్లనే నడుస్తాంది. మా మామనే మాకు బ్రేకు."

వరంగల్ జిల్లాలో ఆ రోజుల్లో సగం జీపులు అట్లాగే ఆగేవి. మనిషి దూకడం, దిమ్మ వేయడం అందరికీ తెలిసిన పనే. నాకూ తెలుసు. మా ఊరి జీపు కూడా అట్లాగే ఆగేది. కానీ చేతిలో తుపాకీ ఉండి, చెవిలో బాంబు మాట పడ్డాక, తెలిసిన సంగతి గుర్తుకు రాలేదు.

జీపులోంచి దిగుతున్నారు, దిగుతూనే ఉన్నారు. పదిహేడు మంది. అందరికన్నా ముందు సీటులోంచి ఒక ముసలామె దిగింది. మొగిలి తల్లి యాకమ్మ, కట్టయ్యకు అక్క. మొహం నిండా పసుపు. ఆమె తుపాకీని చూడలేదు, ఎస్సైని చూడలేదు. "నా కోడేది?" అంది.

జాతరలో తల్లిని, అంటే అమ్మవారిని, గద్దె మీదికి తెచ్చేటప్పుడు దారి పొడుగునా జనం కోళ్లను గాల్లోకి విసిరి ఎదురుకుంటారు. వాటిని ఎదురుకోళ్లంటారు. యాకమ్మ అందుకోసమని ఒడిలో పెట్టుకొచ్చిన ఎర్రపెట్టనే నా మొహాన విసిరింది.

"ఎందుకు విసిరావే ముసల్దానా?" అని గద్దించాడు ఎస్సై.

"తల్లి వచ్చింది, ఏసిన" అంది యాకమ్మ.

అయిపోయింది, ఇక పంపించేస్తారనుకున్నాను. అక్కడే నాకు పోలీసు ఉద్యోగం అర్థం కాలేదని తేలిపోయింది. ఒక రౌండు పేలింది. జాతరకు పోయే జనం మధ్య పేలింది. పేల్చమన్నది ఎస్సై. కారణం చూపించకపోతే ఆయన మెడకు చుట్టుకుంటుంది. అందుకని మొగిలిని, కట్టయ్యను, జీపును, దిమ్మను, చివరికి కోడిని కూడా ఠాణాకు పట్టుకొచ్చాడు. తక్కినవాళ్లు ఎడ్లబండ్లెక్కి పోయారు. యాకమ్మ మాత్రం ఠాణా మెట్ల మీద కూర్చుంది. తమ్ముడు, కొడుకు, కోడి, ముగ్గురినీ ఇస్తేనే లేస్తానంది.

ఎస్సై నన్ను గదిలోకి పిలిచి తెల్లకాగితం ముందు పెట్టాడు.

"నీ స్టేట్‌మెంట్ రాయి. కట్టయ్య బాంబుతో మీదికొచ్చాడు, ఆత్మరక్షణకు కాల్చావు, గురి తప్పింది."

"అది దిమ్మ సార్."

"దూరంనుంచి బాంబులా కనబడిందా, లేదా?"

"కనబడింది సార్."

"భయమేసిందా?"

"వేసింది సార్."

"మరి ఇందులో అబద్ధం ఎక్కడుంది? రాయి. రేపు మధ్యాహ్నం పైనుంచి టీం వచ్చి వాళ్లిద్దరినీ తీసుకుపోతుంది." అట్లా అని బందోబస్తుకు వెళ్లిపోయాడు.

ఆ టీం సంగతి నాకు తెలుసు. అంతకుముందు వాళ్లు తీసుకుపోయిన ఇద్దరు మళ్లీ ఇంటికి రాలేదు. వాళ్ల మీద కూడా ఇట్లాంటి కాగితమే ఉంది. ఎవడో నాలాంటివాడే రాసి ఉంటాడు. లాకప్ వైపు చూస్తే, కట్టయ్య ఊచల దగ్గర కూర్చుని నా ముక్కు మీద గీరుకు పసుపు పెట్టుకొమ్మని సైగ చేస్తున్నాడు. వాణ్ని చంపబోయింది నేనని ఆ పిచ్చోడికి ఇంకా తెలియదు.

ఏడుపొచ్చింది, దాచను. ఆరో ఆజ్ఞను కోడి కాపాడింది. తొమ్మిదోది నా పెన్ను కింద ఉంది. నిజం రాస్తే కొలువు పోవచ్చు, నలుగురూ నవ్వడం మాత్రం ఖాయం. రాయకపోతే కట్టయ్య పోతాడు.

పోశయ్య వచ్చి పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. పాతికేళ్ల సర్వీసు. "ఏందిర తమ్మీ, కుడితిల పడ్డ ఎలుక లెక్క కూసున్నవు?"

"కోడి కొట్టిందని రాస్తె ఎవలు నమ్ముతరే అన్నా?"

"పిచ్చోడా, గదే నమ్ముతరు. బాంబంటె ఎవడన్న పుట్టిస్తడు. కోడిని ఎవడు పుట్టిస్తడు? రాయి. పేలిన రౌండు కాగితం ఎస్సై నుంచి పోదు, కాల్చినోని సంతకంతోని సీదా హెడ్డాఫీసుకు పోతది. మూడింటి బస్సుల టప్పా సంచి పోతాంది. జల్ది రాయి."

రాశాను. జీపు బ్రేకు, దిమ్మ, చిరిగిన బనీను, నా గురి, కోడి, చింతకొమ్మ. బెంచీ కిందికి పోయిన ఎస్సైని కూడా రాశాను గానీ పోశయ్య కొట్టేయించాడు. మూడింటి బస్సులో కాగితం వెళ్లిపోయింది. ఎస్సై తిరిగొచ్చి సంగతి తెలుసుకుని నన్ను తిట్టిన తిట్లు నా జన్మలో మళ్లీ వినలేదు. ఈలోగా ఆ కోడి రికార్డుల బీరువా ఎక్కి గుడ్డు పెట్టింది. పట్టుకొచ్చిన వస్తువుల జాబితాలో కోడి ఒకటి అన్న చోట, పోశయ్య కింద గుడ్డు ఒకటి అని కలిపి పొట్టి సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే డీఎస్పీ దిగాడు. పొట్టి మనిషి, మీసం మాత్రం పొడుగు. నా కాగితం చేతిలో పట్టుకుని నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

"పదేళ్లుగా 'వాళ్లే ముందు కాల్చారు' అని చదివి చదివి విసుగొచ్చింది. 'వాళ్లే ముందు కోడిని విసిరారు' అని ఇవాళే చదువుతున్నా. ఏది, అది ఎట్లా జరిగిందో నాకు చేసి చూపించండి."

"కొత్త కుర్రాడు సార్, భయపడ్డాడు. ట్రైనింగున్న మనిషైతే దిమ్మేదో బాంబేదో గుర్తుపట్టేవాడు" అన్నాడు ఎస్సై, ఒక్క రాత్రిలో మాట మార్చి.

"అట్లాగా? నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు. నేనే ఇతని చోట నిలబడతా" అన్నాడు డీఎస్పీ.

మొగిలిని, కట్టయ్యను లాకప్‌లోంచి తీసుకుని అందరం చెక్‌పోస్టుకు పోయాం. డీఎస్పీ నా రైఫిలు తీసుకుని రౌండ్లన్నీ తీసేశాడు. ఖాళీ అని తాను చూశాడు, ఎస్సైకి చూపించాడు, నాకు చూపించాడు. మొగిలి జీపును ఏటవాలు మీదికి తోసి స్టార్టు చేశాం. మా వెంటే వచ్చి ముందు సీటెక్కిన ముసలామె దిగమంటే దిగలేదు.

"నేను లేంది జీపు కదలది. కోడి లేంది నేను కదల" అంది యాకమ్మ. కోడిని ఇవ్వక తప్పలేదు.

డీఎస్పీ నేను నిలబడ్డ చోటే నిలబడ్డాడు. జీపు వచ్చింది. చెయ్యెత్తాడు. అది ఆగదని ఆయనకు తెలుసు. అయినా మీసం వణకడం నేను చూశాను. రైఫిలు భుజానికెక్కింది. ముప్పై గజాల దగ్గర కట్టయ్య దూకాడు, దిమ్మ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

టక్ మంది రైఫిలు.

ఖాళీ తుపాకీ చప్పుడు ఎంతుంటుంది? చిటికె వేసినంత. కానీ రోడ్డు మీదున్న అందరికీ వినబడింది. మరుక్షణం ఎర్రపెట్ట వచ్చి డీఎస్పీ టోపీ ఎగరగొట్టింది.

ఎవరూ నవ్వలేదు. డీఎస్పీ టోపీ కూడా తీసుకోలేదు, తన వేలు వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. కట్టయ్య దిమ్మ వేసి, నడుము మీద చేతులు పెట్టుకుని, "ఆపినం సారు" అన్నాడు, నిన్న అన్నట్టే.

డీఎస్పీ వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు. "అది చెక్క అని నాకు తెలుసు. బండి ఆగుతుందనీ తెలుసు. అయినా నొక్కానయ్యా. నువ్వు ఇప్పుడు నా చేతిలో చచ్చిపోయావు."

"లే సారు, గిక్కడ్నే ఉన్న" అన్నాడు కట్టయ్య, ఆయన్ని ఓదారుస్తున్నట్టుగా.

మధ్యాహ్నం రావలసిన టీం రాలేదు, డీఎస్పీ వైర్‌లెస్‌లో వద్దన్నాడు. చెక్‌పోస్టు చదును మీదికి పోయింది. ఫర్లాంగు ముందే బోర్డు, రోడ్డు మీద మనిషికి ఎర్రజెండా, తుపాకీ పట్టినవాడు పక్కన, గొట్టం నేలకు. ఎస్సైకి నడిచిపోతే తప్ప చాయ్ దొరక్కుండా అయింది. పోలీసు మెకానిక్ మొగిలి జీపుకు బ్రేకు వేసి పంపాడు. నాకు పదిహేను రోజులు ఎక్స్‌ట్రా డ్రిల్లు పడింది. గురి తప్పినందుకా, గురి పెట్టినందుకా అని నేను అడగలేదు. కోడి జ్ఞానం అన్న పేరు మాత్రం సాయంత్రానికి జిల్లా అంతా పాకింది.

యాకమ్మకు కోడిని, గుడ్డును నా చేతులతోనే అప్పగించాను. ఆమె గుడ్డును కొంగున ముడేసుకుని, కోడి కాళ్లకు తాడు కట్టుకుంటోంది. నాకు మనసాగలేదు.

"అవ్వా, నిజం చెప్పు. నిన్న రోడ్డు మీద తల్లి వచ్చిందా?"

ముసలామె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "తల్లి నాకోసం గంత దూరం ఎందుకొస్తది కొడుకా, నేనే పోతాంటి గద. నీ మొఖం జూసిన. చెమట గారుతాంది, కండ్లు ఉబ్బినయ్. మా కట్టడు సావకముందే నువ్వు సచ్చేటట్టు ఉన్నవు. ఏం జెయ్యాలె? చేతిల ఏముంటె గది ఏసిన. నా చేతిల కోడుండె."

"మరి డీఎస్పీ మీదెందుకు ఏసినవు? ఆ తుపాకి ఖాళీదే గద."

"నాకేమెరుక? ఆయన మొఖం గూడ గట్లనే ఉండె."

మా నాయనకు ఉత్తరంలో అంతా రాశాను. ఆయన ఒకటే ముక్క తిరిగి రాశాడు. ఆ ముసలామెను ఒకసారి భోజనానికి పిలవమని.

రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చింది. డ్యూటీలు వేస్తుంటే రైఫిలు వద్దని, ఎర్రజెండా అడిగి తీసుకున్నాను. బుధవారం పదకొండింటికి ఆకుపచ్చ జీపు వచ్చింది. జెండా ఊపాను. కొత్త బ్రేకు, మెత్తగా ఆగింది. అయినా కట్టయ్య అలవాటు మానలేదు. దిమ్మను రెండు చేతులా తల మీదికెత్తి, "చెక్క సారు, చెక్క" అంటూ దిగి, ఆగి ఉన్న టైరు కింద పెట్టాడు.

ముందు సీట్లో యాకమ్మ, ఒడిలో కోడి. "ఈసారి గూడ నాకేనా అవ్వా?" అని నవ్వాను.

ఆమె నా మొహం చూడలేదు. కిటికీలోంచి వంగి ముందు నా చేతులు చూసింది. ఒక చేతిలో జెండా, ఇంకో చేయి ఖాళీ. అప్పుడు కోడిని మళ్లీ చంకలో పెట్టుకుని, "పోనియ్యిర మొగిలి" అంది.